పూరణి పలికిన మాట

కేబులు పీకేశాక కూడా చక్రధర్ గొంతు ఆగలేదు.

సువర్చల ఆ కేబులు కొసను వేళ్ళ మధ్య పట్టుకుని, బల్ల మీది స్పీకరుకు చెవి ఒగ్గి నిలబడింది. చక్రధర్ కింది అంతస్తులో కూర్చుని ఆ రోజు పేపరు పైకి చదువుతున్నాడు. ఆ చదువు ఈ కేబులు గుండానే పైకి రావాలి. అది చూస్తే ఆమె చేతిలో వేలాడుతోంది. స్పీకరు మాత్రం తడుముకోకుండా చెప్పుకుపోతోంది: "...జిల్లాలో ఈ ఏడు చెరకు దిగుబడి పెరిగిందని, గానుగల దగ్గర బళ్ళు బారులు తీరాయని రైతులు..."

పదకొండో సెకనులో స్పీకరు మూగబోయింది.

ఆమె రెండేసి మెట్లు దాటుకుంటూ కిందికి పరుగెత్తింది. "చెరకు గురించి ఏం చదివావు?"

"తగ్గిందట. వానల్లేక సగానికి సగం పోయిందట," అన్నాడు చక్రధర్ పేపరు మడుస్తూ. "ఏం? పైన ఏమని వినిపించింది?"

"పెరిగిందని. బళ్ళు బారులు తీరాయని."

మొగుడూ పెళ్ళాం పడీ పడీ నవ్వారు. మూడేళ్ళుగా విశాఖ ఆటోనగర్‌లో, లేతు మిషన్ల షెడ్డు పైన అద్దెకు తీసుకున్న ఆ రెండు గదుల్లో వాళ్ళు అంతగా నవ్విన రోజు లేదు.

"సమస్యాపూరణం అనుకో," అన్నాడతను కళ్ళు తుడుచుకుంటూ. "మనం ఒక పాదం ఇచ్చాం. మిగతా మూడూ నీ చిప్పు అల్లేసింది. అదీ నా గొంతుతో."

ఆ చిప్పుకి పూరణి అన్న పేరు ఆ పూటే పడింది. సువర్చల పైకి వెళ్ళి నోటు పుస్తకంలో రాసుకుంది: 'గొంతు తప్పలేదు. అర్థం తప్పింది.' దాని కింద గీత గీసి, తర్వాత చూడాలి అనుకుంది.

ఆ పెట్టె చూడ్డానికి ఇళ్ళల్లో గోడకి తగిలించే మామూలు రూటరే. మూత విప్పితే అరచేయంత ఆకుపచ్చ బోర్డు. నడుమ ప్రాసెసరు. దాని పక్కన ర్యామ్. అది పలక లాంటిది. చిన్న చిన్న మూటలుగా వచ్చే మాటలన్నీ కాసేపు దాని మీద ఉంటాయి. కరెంటు పోయిందా, తుడిచిపెట్టుకుపోతాయి. ఇంకో పక్కన ఫ్లాషు. అది పుస్తకం. పెట్టె బతకడానికి కావలసిన ప్రోగ్రామంతా అందులో చెరగకుండా ఉంటుంది. కేబుళ్ళు దూర్చే రంధ్రాల వెనక, ఏ మూట ఎటు పోవాలో మళ్ళించే స్విచ్ చిప్పు. రేకు మూత కింద రేడియో. ఎవరి బోర్డు విప్పినా ఉండేవి ఇవే. సువర్చల చేసిందల్లా ప్రాసెసరుకీ పలకకీ మధ్య గోరంత చిప్పు ఒకటి ఇరికించడం. అవతలి మనిషి మాట తీరుని అది వింటూ నేర్చుకుంటుంది. లైను తెగిన క్షణంలో, రాని మూటల స్థానంలో తను ఊహించిన మూటలు పెడుతుంది. లైను కలవగానే పక్కకి తప్పుకుంటుంది.

ఏజెన్సీ కొండల్లో ఆరోగ్య ఉపకేంద్రాలకి అది వరమన్నారు. టవరు నుంచి సిగ్నలు వచ్చీ పోయీ, డాక్టరు చెప్పేది ముక్కలుముక్కలుగా విని విసిగిపోయిన నర్సులు, పెట్టె పెట్టాక ఊపిరి పీల్చుకున్నారు. నలభై చోట్ల పెట్టారు. విశాఖ నుంచి రోజూ ఫోనులో ఆ నర్సులకి సలహాలిచ్చే డాక్టర్ శేషగిరి, "మా పక్కనే కూర్చుని చెప్పినట్టుందంటున్నారమ్మా మావాళ్ళు," అని మెచ్చుకున్నాడు.

మొదటి బోర్డుల మీద చిన్న పసుపు దీపం ఉండేది. పూరణి పలుకుతున్నంతసేపూ వెలిగేది. "అదేటి, అదెందుకు వెలుగుతాది అని ఊరూరా అడుగుతున్నారు," అన్నాడు చక్రధర్. "ప్రతివాళ్ళకీ ఏం చెబుతాం? భయపడతారు. తీసెయ్." సువర్చల రెండు రోజులు నసిగింది. మూడో రోజు తీసేసింది. పూరించిన ప్రతి మూటకీ పలక మీద ఒక గుర్తు పడుతుంది కదా, కావాలంటే చూసుకోవచ్చు కదా అని తనకి తానే చెప్పుకుంది.

ఇంట్లోనూ ఒక పెట్టె పెట్టుకున్నారు. నెల తిరక్కుండా ఒక సాయంత్రం, తొమ్మిదేళ్ళ కూతురు మేధ స్నేహితురాలింటికి పోయి, చీకటి పడే వేళకి వచ్చింది.

"నాన్నని ఫోన్లో అడిగాను. సరే వెళ్ళు అన్నాడు," అంది.

"నేను వద్దన్నాను!" అన్నాడు చక్రధర్. "తప్పు చేస్తే చేశావు, అబద్ధమెందుకు?"

అన్నాడు అని పిల్ల, అనలేదు అని తండ్రి. పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ వారమంతా దానికి ఆటలు బంద్. ఆ శిక్ష వేసింది సువర్చలే.

*

మంగళవారం ఉదయం మేధకి క్యారేజీ సర్దుతుంటే ఫోను మోగింది. డాక్టర్ శేషగిరి.

"అమ్మా సువర్చలా, నిన్న గుమ్మలపుట్టులో ఒక బాలింత పోయింది. ఇరవై రెండేళ్ళు. మాలతి అని. బిడ్డ దక్కింది. కాన్పయ్యాక ఫిట్స్ వచ్చాయి. మొదటి ఇంజెక్షన్ నేనే ఇప్పించాను. రెండోది ఇవ్వొద్దు, ముందు మోకాలి మీద తట్టి చూడు, కాలు కదలకపోతే ఆ మందు ఊపిరే ఆపేస్తుంది అని చెప్పాను. ఇలా నీతో చెప్పినంత స్పష్టంగా చెప్పాను. ఆ నర్సు చిలకమ్మ ఇచ్చేసింది."

"ఎందుకిచ్చిందిట?"

"నేనిమ్మన్నానట! పంతొమ్మిదేళ్ళ సర్వీసు దానికి. ఎప్పుడూ అబద్ధమాడిన మనిషి కాదు. బిడ్డ మీద ఒట్టేసి చెబుతోంది. సస్పెండు చేశారు, రేపు విచారణ. నేను అబద్ధమాడుతున్నానా, అది ఆడుతోందా, నాకేమీ పాలుపోవడం లేదమ్మా."

సువర్చల చేతిలో క్యారేజీ గిన్నె అలాగే ఉండిపోయింది. మేధ చెప్పులు వేసుకుంటూ గుమ్మంలో కూర్చుని ఉంది. అన్నాడు, అనలేదు. అన్నాడు, అనలేదు.

"మాట్లాడేటప్పుడు లైను తెగిందా సార్?"

"నాకేం తెలుస్తుందమ్మా? తెగినట్టు తెలియకుండా చేసింది మీరే కదా."

ఆమె పిల్లని బడి దగ్గర దింపి, నేరుగా ఆటోనగర్ వెళ్ళింది. ల్యాబులో తెర మీద నలభై పెట్టెల స్థితీ కనిపిస్తుంది. గుమ్మలపుట్టు పెట్టె పక్కన ఎర్ర గీత. నిన్న మధ్యాహ్నం గాలివానకి స్తంభాలు కూలి కరెంటు పోయింది. అప్పటినుంచీ పెట్టె తన బ్యాటరీ మీదే బతుకుతోంది. ముప్పై నాలుగు శాతం. శేషగిరికి చేసిన ఆ ఫోను తర్వాత అక్కడినుంచి ఇంకొకటి పోలేదు. అంటే నిన్నటి మాటలు పలక మీద ఇంకా ఉన్నాయి. ఇంకో ఫోను వస్తేనే వాటి మీద రాసుకుంటుంది. లేదా కరెంటు ఆగిపోవాలి.

"ఇక్కడినుంచి తీయలేం కదా," అంది ఆమె. గది ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతోంది.

"మనమే కదా వద్దనుకున్నాం," అన్నాడు చక్రధర్. "రోగుల మాటలు ఎవడూ దూరం నుంచి వినకూడదని. బోర్డు విప్పి, మూలనున్న నాలుగు రంధ్రాలకి తీగలు తగిలిస్తేనే వస్తాయి."

"అయితే నేను వెళ్ళాలి. ఇప్పుడే."

చక్రధర్ తెర వంక చూస్తూ ఉండిపోయాడు. ముప్పై నాలుగు పోయి ముప్పై మూడైంది.

"సాయంత్రానికి అదే ఆగిపోతుంది, సువర్చలా," అన్నాడు మెల్లగా.

ఆ మాట ఆమెకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక తిరగడం మానేసి అతని ఎదురుగా నిలబడింది.

"ఆగిపోతే?"

"ఆగిపోతే ఏం జరిగిందో ఎవరికీ తెలీదు. మనకీ తెలీదు. నర్సు పొరపాటుగా విని ఉండొచ్చు. అదీ జరుగుతుంది." అతను ముఖం రెండు చేతులతో రుద్దుకున్నాడు. "పోయిన నెల ఈ పెట్టెల వల్ల ఆరుగురు బతికారని శేషగిరి గారే రాసిచ్చారు. ఒక్కదానికోసం నలభై పీకేస్తే, రేపు లైను తెగి పోయేవాళ్ళ పాపం ఎవరిది? నేను దొంగని కాదు సువ్వీ. లెక్క చెబుతున్నానంతే."

"నీ లెక్కలో ఆ నర్సు ఎక్కడుంది?"

ఆమె లాప్‌టాప్, స్క్రూడ్రైవరు, తీగల చుట్ట సంచిలో పడేసుకుని కారు తాళాలు తీసుకుంది.

*

చోడవరం, మాడుగుల దాటి ఘాటీ ఎక్కేదాకా ప్రతి పది నిమిషాలకీ ఫోను చూసుకుంది. ఇరవై ఆరు. ఇరవై రెండు. మలుపుల్లో కారు ఆపి ఎదుటి లారీలకి దారివ్వాల్సి వచ్చినప్పుడల్లా స్టీరింగు మీద గోళ్ళతో గీకింది. పాడేరు దాటాక ఫోనులో సిగ్నలు పోయింది. ఇంకో పది కిలోమీటర్ల దూరంలో రోడ్డుకి అడ్డంగా చెట్టు. కారు అక్కడే వదిలేసి, చెట్టు కొమ్మల్లోంచి దూరి, అవతల తిరిగిపోతున్న సర్వీసు జీపు వెనకాల వేలాడింది. గుమ్మలపుట్టులో దిగేసరికి మూడు కావస్తోంది.

ఉపకేంద్రానికి తాళం ఉంది. పక్క వాటా అరుగు మీద నలభై దాటిన మనిషి, తెల్లచీర మార్చకుండా, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది.

"చిలకమ్మగారా?"

"విచారణకొచ్చారా? రేపన్నారు కదా."

"కాదండీ. ఆ పెట్టె చేసింది నేను."

చిలకమ్మ కళ్ళెత్తి చూసింది. "పెట్టె బాగానే ఉన్నాది మేడమ్. సార్ మాట శుభ్రంగా వినిపించినాది. ఆ మాటే సెప్తన్నాను, ఎవులూ నమ్మట్లేదు."

"నేను నమ్ముతున్నాను. తాళం తీయండి. బేగి."

గోడ మీది పెట్టెలో ఆకుపచ్చ దీపం ఆరుతూ వెలుగుతూ ఉంది. బ్యాటరీ చివరికొచ్చినప్పుడే అలా కొట్టుకుంటుంది. సువర్చల కిటికీ వెలుగులో బల్ల మీద పెట్టి నాలుగు స్క్రూలూ విప్పింది. బోర్డు మూల నాలుగు రంధ్రాలు. తీగలు టంకం పెట్టి అతికించడానికి కరెంటు లేదు. చేత్తో అదిమి పట్టుకోవాలి. ఒకటి కదిలితే మళ్ళీ మొదటికొస్తుంది. సన్న దారి అది, మాటలన్నీ బయటికి రావడానికి నలభై నిమిషాలు పడుతుంది.

ఆమె తీగలు ఆనించింది. లాప్‌టాప్ మీద అక్షరాల వరుసలు మొదలై, అంతలోనే తెగాయి. మళ్ళీ పెట్టింది. మళ్ళీ తెగాయి. మూడోసారి తీగ జారింది. పొద్దున్నించీ ఏమీ తినలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

"తప్పుకోండి," అంది చిలకమ్మ. "ఎక్కడ పట్టుకోవాలో సూపించండి. రోజుల పిల్లలకి నరం దొరకబట్టే సేతులివి."

ఆమె మోచేతులు బల్లకానించి, నాలుగు తీగల్నీ రెండు చేతుల వేళ్ళ మధ్య ఇరికించి పట్టుకుంది. వరుసలు కదిలాయి. ఆగలేదు. కిటికీ అవతల ఎవరో మేకల్ని అదిలిస్తున్నారు. చిలకమ్మ కంటి మీద ఈగ వాలినా రెప్ప మాత్రమే ఆడించింది. సువర్చల లాప్‌టాప్‌కీ, పెట్టె దీపానికీ మధ్య చూపు తిప్పలేక తిప్పలేక తిప్పుతోంది. తొంభై ఎనిమిది శాతం దగ్గర దీపం ఆరిపోయింది. చివరి రెండు శాతమూ పోయింది. కావలసింది వచ్చేసింది.

ఇద్దరూ విన్నారు. ఫిట్స్ మళ్ళీ వస్తున్నాయని చిలకమ్మ కంగారు. డాక్టరు గొంతు: "చిలకమ్మా, విను. రెండో ఇంజెక్షన్ ఇచ్చెయ్. భయపడకు, నేను లైన్లోనే ఉన్నాను. అంతా సర్దుకుంటుంది." కొంచెం ఆగి, అదే గొంతు: "అర్థమైందా?" "అయింది సార్."

"సెప్పానా!" చిలకమ్మ లేచి నిలబడింది. నిన్నటినుంచీ బిగబట్టిన ఏడుపు ఒక్కసారిగా వచ్చింది. "సెప్పానా మేడమ్! సార్ అన్నారు! ఆ మాటే అన్నారు!"

"చిలకమ్మగారూ, కూర్చోండి." సువర్చల తెర మీద ఒక వరుస చూపించింది. 'ఇంజెక్షన్' దాకా మూటలు మామూలుగా ఉన్నాయి. అక్కడినుంచి 'సర్దుకుంటుంది' దాకా ప్రతి మూట పక్కనా గుర్తు. "ఇక్కడ లైను తెగింది. ఇది సార్ కాదు. నా చిప్పు. లైను కలిశాక 'అర్థమైందా' అన్నది సార్. ఆయన అడిగింది తను చెప్పిందాని గురించి. మీరు అయిందన్నది ఇది చెప్పినదాని గురించి."

చిలకమ్మ ఏడుపు ఆగిపోయింది. ఆ వరుస మీద వేలు పెట్టి కొస దాకా లాగింది.

"భయపడకు అన్నాది," అంది చివరికి. "సార్ ఎప్పుడూ అలాగే అంటారు. ఆ మాట ఇన్నాకే నాకు ధైర్యం వచ్చినాది." తన చేతులు తనే తిప్పి చూసుకుంది. "అది పలికినప్పుడు తెలిసేలాగ ఒక దీపమైనా ఎట్టలేదా మేడమ్?"

"పెట్టాను," అంది సువర్చల. "తీసేశాను."

*

మర్నాడు విచారణలో సువర్చల ఆ రికార్డు వినిపించింది. పూరణి గురించి ఏదీ దాచకుండా చెప్పింది. పసుపు దీపం సంగతీ చెప్పింది, చెరకు దిగుబడి సంగతీ చెప్పింది. చిలకమ్మ సస్పెన్షను ఎత్తేశారు. వారంలో నలభై పెట్టెలూ దించేశారు. సువర్చల మీదా చక్రధర్ మీదా కేసు పెట్టారు, అది నడుస్తోంది. చక్రధర్ ప్రతి వాయిదాకీ ఆమె పక్కనే వచ్చి కూర్చుంటున్నాడు. ఇంట్లో మాత్రం ఇద్దరి మధ్యా అవసరమైన మాటలే. పెట్టెలు దించిన నెలకే ఇంకో కొండ మీద లైను తెగిన వేళ పాము కరిచినవాడొకడు పోయాడు. ఆ వార్త ఉన్న పేపరు చక్రధర్ బల్ల మీద పెట్టి వెళ్ళాడు. ఆమె ఆ పేపరుని రెండు రోజులు అక్కడినుంచి తీయలేకపోయింది.

మేధని కూర్చోబెట్టుకుని, ఆ రోజు నువ్వు అబద్ధం ఆడలేదు, తప్పు మాది అని చెప్పింది. పిల్ల అంతా విని, "మరి ఇప్పుడు మాట్లాడేది నువ్వేనా?" అంది. ఆట పట్టిస్తోందనుకుంది సువర్చల. పిల్ల ముఖంలో నవ్వు లేదు.

తర్వాత కొన్నాళ్ళకి చిలకమ్మ కబురు పంపింది. మాలతి తల్లి కాసులమ్మ రమ్మంటోందని. ఆ పెట్టెలో కూతురి గొంతు ఉందని ఎవరో చెప్పారట. సువర్చల ఒక ఆదివారం పొద్దున్నే బయల్దేరి వెళ్ళింది.

కాసులమ్మ ఇంటి ముందు రాగులు చెరుగుతోంది. మనవరాలు పాత చీర ఉయ్యాల్లో నిద్రపోతోంది. ఉయ్యాల పక్కన చిలకమ్మ కూర్చుని ఉంది. సువర్చల నేల మీదే కూర్చుని లాప్‌టాప్ తెరిచింది. బిడ్డ పుట్టిన దగ్గరనుంచి లైను మీదే సాగిన ఆ రికార్డు ఆమె ఎన్నోసార్లు విన్నది. అందులో మాలతి పలికింది ఒకే ఒక్క మాట. నీళ్ళు. రెండుసార్లు. ఆ తర్వాత మూలుగు, ఊపిరి.

"ఎక్కువ లేదమ్మా. కొంచెమే. కానీ ఆ గొంతు మీ అమ్మాయిదే."

కాసులమ్మ చేట పక్కన పెట్టింది. తెర వంక చూసింది గానీ దగ్గరికి జరగలేదు.

"డాక్టరుబాబు గొంతు కూడా డాక్టరుబాబుదే అన్నారు కదా, ముందు."

"అది వేరమ్మా. ఇటునుంచి వెళ్ళే మాటల్ని చిప్పు ముట్టుకోదు. గుర్తులు కూడా లేవు, చూపిస్తాను."

"నువ్వు సెప్తే నానెలా నమ్మీది?" ఆ గొంతులో కోపం లేదు. నిజంగానే అడుగుతోంది. "అది మా పిల్లో, నీ పెట్టో. నాకేటి తెలుస్తాది? ఇన్నాననుకో, ఇంక రోజూ అదే సెవిలో ఉంటాది. అది మా పిల్ల కాకపోతే?"

సువర్చల దగ్గర ఋజువులన్నీ ఉన్నాయి. ఒక్కటీ పనికొచ్చేలా లేదు.

కాసులమ్మ చిలకమ్మ వైపు తిరిగింది. "నువ్వు సెప్పు సిస్టరమ్మా. నువ్వు దాని పక్కనే ఉన్నావు. ఏటన్నాది?"

చిలకమ్మ ఒక్కసారి సువర్చల వంక చూసింది. ఉయ్యాల తాడు పట్టుకుని మెల్లగా ఊపింది.

"పిల్లని సూపించాను," అంది. "నవ్వినాది. మా అమ్మ ముక్కే వచ్చినాది దీనికి, అన్నాది."

కాసులమ్మ చెయ్యి తనకి తెలియకుండానే ముక్కు మీదికి పోయింది.

"అమ్మ ఏదీ, అని అడిగినాది. వస్తాది, దారిలో ఉన్నాది అన్నాను. అయితే సరే, అన్నాది. నొప్పి లేదు సిస్టరూ, నిద్రొస్తన్నాది, అన్నాది."

సువర్చల లాప్‌టాప్ మూత చప్పుడు కాకుండా మూసేసింది. రెండు చేతులూ దాని మీద పెట్టి కూర్చుంది.

"ఇంకా?" అంది కాసులమ్మ, చిలకమ్మ దగ్గరికి జరుగుతూ. "ఇంకేటన్నాది?"

చిలకమ్మ ఉయ్యాల ఊపుతూ చెప్పసాగింది.